ఎక్కాల నిచ్చెన

చింతలగరువు ప్రాథమిక పాఠశాల ఆ ఏడు ఉన్నట్టుండి వినూత్నంగా మారవలసి వచ్చింది. మారకపోతే మూసేస్తారు.

ఆ బడికి టీచరు ఒక్కరే, తాయారమ్మ గారు. పిల్లలు ముప్పై మందికి తక్కువ. ముప్పైకి తగ్గిన బళ్ళన్నిటినీ పక్క ఊరి బళ్ళలో విలీనం చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చింతలగరువుకి పక్క ఊరు రావిపాడు. రెండూళ్ళకీ నడుమ హైవే ఉంది. ఆ హైవే దాటబోయిన మేకలు కొన్ని అటు చేరలేదు, ఇటు తిరిగి రాలేదు. ఇక మీదట ఒకటో తరగతి పిల్లలు సంచీ భుజాన వేసుకుని రోజుకు రెండుసార్లు దాన్ని దాటాలి. ఉత్తర్వులో ఈ సంగతిని "విశాల విద్యా ప్రపంచంలోకి ప్రవేశం" అని రాశారు.

అయితే ఆ ఉత్తర్వుకే చివర ఒక మినహాయింపు ఉంది. బడిలో ఏదైనా వినూత్న బోధనా పద్ధతి నడుస్తూ, అది పనిచేస్తోందని టీచరు ఒక పరిశోధన పత్రం రాసి పంపితే, దాన్ని నవ్య బోధనా సమీక్షా మండలి ఆమోదిస్తే, ఆ బడి జోలికి రారు.

మండల విద్యాధికారి దైవాధీనం గారు ఈ కబురు పట్టుకుని స్వయంగా వచ్చారు. మంచి మనిషి. పై అధికారుల మాటంటే భయం, పిల్లలంటే జాలి. ఈ రెండింటి మధ్య నలిగి నలిగి ఆయనకు నడివయసులోనే జుట్టంతా పోయింది.

"ఏదోటి రాసెయ్యండమ్మా. కొత్తగా ఏం చేత్తన్నారు మీరు?"

"కొత్తగా ఏం లేదండీ. పిల్లలకి రానిది చెప్తాను. వచ్చేదాకా చెప్తాను."

దైవాధీనం గారు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశారు. "ఆ మాట బయట అనేరు! వచ్చేదాకా చెప్పడం పాత పద్ధతి. మీకు పుణ్యం ఉంటుంది, పోనీ పిల్లలు రోజూ ఇష్టంగా చేసేదేదన్నా ఉంటే చెప్పండి."

"బడి వదిలే ముందు ఎక్కాలు చదువుతారండీ. గొంతెత్తి చదువుతారు. వీధిలోవాళ్ళు కూడా ఆగి వింటారు."

"అదే రాసెయ్యండి. దేవుడున్నాడు."

దేవుడున్నాడన్న విషయంలో తాయారమ్మ గారికి అనుమానం లేదు. పొద్దున్నే దీపం పెట్టి, ఆంజనేయస్వామికి ప్రదక్షిణ చేసిగాని ఆవిడ బడి తాళం తీయరు. అనుమానమల్లా ఈ వినూత్నం మీదే. సూర్యుడు యుగయుగాలుగా ఒకే పక్కన ఉదయిస్తున్నాడు. కొత్తదనం లేదని ఆయన్ని ఎవరూ చంద్రుడిలో విలీనం చేయలేదు కదా అనుకున్నారావిడ. అలా అనుకుంటూనే కాగితం తీసి, ఉన్నది ఉన్నట్టు రాశారు.

"మా పిల్లలు రోజూ సాయంత్రం ఎక్కాలు చేస్తారు. రెండో ఎక్కంతో మొదలుపెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా పోతారు. మధ్యలో తప్పినవాళ్ళు మళ్ళీ మొదటికి వస్తారు. ఎక్కాలు బాగా వచ్చిన పిల్లలు చిన్నవాళ్ళకి సాయం చేస్తారు. దీనివల్ల లెక్కలంటే భయం పోయింది."

ఈ కాగితం సమీక్షా మండలికి చేరింది. ఆ మండలిలో పత్రాలను ఇంగ్లీషులో తప్ప సమీక్షించడానికి వీల్లేదు, ఎందుకంటే సమీక్ష కోసం కొన్న యంత్రానికి ఇంగ్లీషే వచ్చు. సమీక్ష అయ్యాక ఉత్తర్వులు తెలుగులో తప్ప పంపడానికి వీల్లేదు, ఎందుకంటే అది భాషాభిమానానికి సంబంధించిన సంగతి. కాబట్టి తాయారమ్మ గారి నాలుగు మాటలూ యంత్రంలో పడి ఇంగ్లీషు అయ్యాయి, మళ్ళీ తిరగబడి తెలుగు అయ్యాయి. ఆ ప్రయాణంలో వాటికి ఏం జరిగిందో, దైవాధీనం గారు మిఠాయి పొట్లంతో సహా వచ్చి చదివి వినిపించినప్పుడు గాని ఆవిడకు తెలియలేదు.

"మొదటి స్థానం మీదేనమ్మా! వినండి. 'చింతలగరువు శిశువులు ప్రతి సాయంకాలము ఆరోహణలు నిర్వహించెదరు. ద్వితీయ ఆరోహణతో ఆరంభించి వింశతితమ ఆరోహణ పర్యంతము సాగెదరు. మధ్యలో జారినవారు మరల క్రిందికి వచ్చెదరు. ఆరోహణలో నిష్ణాతులైన వారు చిన్నవారికి చేయూతనిచ్చెదరు. తద్వారా భయము తొలగినది.' అబ్బ, ఎంత బాగా రాశారండీ!"

తాయారమ్మ గారు కాగితం అందుకుని తామూ ఒకసారి చదువుకున్నారు. "సార్, నేను రాసింది ఎక్కాల గురించండీ. ఎక్కడం గురించి కాదు."

"ఎక్కాలన్నా ఎక్కడమన్నా..." అని మొదలుపెట్టి దైవాధీనం గారు ఆగిపోయారు. "ఓర్నాయనో."

"ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దామండీ."

"అప్పుడు బడి పోద్దమ్మా."

"పోతుందేమో. కానీ మనం చెప్పకపోతే ఎక్కడో ఎవరి పిల్లలో ఏదో ఎక్కుతారు కదండీ."

దైవాధీనం గారు మిఠాయి పొట్లం మూసి లేచారు. మరునాడు ఇద్దరూ బస్సెక్కి మండలికి వెళ్ళారు.

మండలి అధ్యక్షుడు డాక్టర్ చక్రధరం గారు. ఆయన గదిలో కిటికీకి ఆనించి ఒక పెద్ద నిచ్చెన ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలదండ కూడా వేశారు. దానికి ఇరవయ్యో మెట్టు ఉంది గాని మొదటి మెట్టు లేదు.

"మొదటి మెట్టు ఏదండీ?" అన్నారు తాయారమ్మ గారు, తాను వచ్చిన పని ఒక్క క్షణం మరిచిపోయి.

"మీరే కదమ్మా సెలవిచ్చారు, ద్వితీయ ఆరోహణతో ఆరంభమని! పరిశోధనకు భిన్నంగా ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు నేను. అన్ని పాఠశాలలకూ ఇదే నమూనా."

"అయ్యా, పొరపాటు జరిగిందండీ. నేను రాసింది రెండు రెళ్ళు నాలుగు లాంటి ఎక్కాలండీ. మా పిల్లలు దేన్నీ ఎక్కరు. నేల మీద కూర్చుని చదువుతారు."

చక్రధరం గారు చిరునవ్వు నవ్వారు. సత్యం తెలియనివాళ్ళ మీద ఆయనకు కోపం రాదు. "అమ్మా, మీది ఒక్క పత్రం. నెల క్రితం దాన్ని ఆదర్శంగా ప్రకటించాక, ఆరోహణ పద్ధతి సార్థకత మీద మా సమీక్షకు వందలాది అధ్యయనాలు వచ్చాయి. అన్నిటా అద్భుత ఫలితాలే. వాటన్నిటినీ కాదని మీ ఒక్కరి మాట నమ్మడం శాస్త్రీయం అవుతుందా?"

దైవాధీనం గారు నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. "సార్, మరి నిచ్చెనలు ఇంకా బళ్ళకి చేరలేదు కదండీ. వాళ్ళు అధ్యయనం ఎలా చేశారంటారు?"

"చూశారా, పరికరం లేకుండానే ఇంత ఫలితం వస్తే, ఉంటే ఎంత వస్తుందో!"

"పనిచేయలేదని ఒక్కళ్ళు కూడా రాయలేదాండీ?" అని అడిగారు తాయారమ్మ గారు.

"రాశారు. కొద్దిమంది. వాటిని పక్కన పెట్టాం. మేము కోరింది సార్థకత మీద అధ్యయనాలు. సార్థకత లేదని రాసినవి అంశానికి సంబంధించినవి కావు."

"మిగతావి చదివారాండీ?"

"సమీక్షకులు చదవకూడదమ్మా. చదివితే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడితే నిష్పాక్షికత పోతుంది." ఆయన ఇంకేదో చెప్పబోయి చటుక్కున ఆగి ముందుకు వంగారు. "ఏమన్నారు మీరు ఇందాక? మీ పిల్లలు దేన్నీ ఎక్కరా?"

"ఎక్కరండీ."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా ఎక్కరండీ. ఇక తమ చిత్తం." ఆవిడ కళ్ళ ముందు హైవే మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

చక్రధరం గారు కుర్చీలోంచి లేచి చేతులు జోడించారు. "మహాతల్లీ! ఎన్నాళ్ళుగా వెతుకుతున్నాం! ఆరోహణ చేసిన బడి గొప్పదని చెప్పాలంటే, చేయని బడి ఒకటి ఉండాలి కదా, పోల్చడానికి! రాష్ట్రమంతా చేస్తున్నామనే రాసింది. చేయడం లేదని నోటితో ఒప్పుకున్నది మీరొక్కరే. నేటినుంచి మీది పోలిక బడి. సమీక్ష ముగిసేవరకు దాన్ని విలీనం చేయరాదు, కదపరాదు. కానీ ఒక్క షరతు. అందులో వినూత్నమైనది ఏదీ, పొరపాటున కూడా, జరగరాదు. జరిగిందో, అది పోలిక బడి కాకుండా పోతుంది. ఆ మరునాడే రావిపాడులో విలీనం."

బస్సులో తిరిగి వస్తూ ఏలూరు దాటాక దైవాధీనం గారు అన్నారు. "అయితే ఇప్పుడు మిమ్మల్ని పాఠం చెప్పుకోమన్నారన్నమాట."

"అలాగే ఉందండీ."

"మొత్తం రాష్ట్రంలో మీ ఒక్కర్నే."

ఆ తరువాత చింతలగరువు బడికి మంచి రోజులు వచ్చాయి. శిక్షణ తరగతులకు రమ్మని పిలుపులు ఆగిపోయాయి. వారోత్సవాలు, ఉద్యమాలు, ప్రతిజ్ఞలు అన్నీ ఊరి పొలిమేరలోనే ఆగిపోయాయి. ఎవరైనా అధికారి కొత్త ఆలోచనతో లోపలికి రాబోతే, తాయారమ్మ గారు గోడకు అంటించిన ఉత్తర్వు చూపించేవారు. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెనక్కు వెళ్ళిపోయేవాడు. పిల్లలు నేల మీద కూర్చుని చదువుకునేవారు. రానిది మళ్ళీ చెప్పించుకునేవారు.

రావిపాడు బడిలో మాత్రం నిచ్చెన దిగింది. ఏ తరగతివాళ్ళు ఎన్నో మెట్టు మీద ఉండి పాఠం వినాలో నిర్ణయించారు. మెట్లెక్కడానికి టీచర్లకు సర్వీసు నిబంధనల్లో వీలు లేదు గనుక వాళ్ళు కిందనుంచి పైకి చూస్తూ పాఠం చెప్పేవారు. రెండో మెట్టు కూడా అందని చిన్నపిల్లల్ని ఎవరో ఒకరు ఎత్తి పట్టుకోవాలి. ఎక్కడానికి భయపడే పిల్లలకు "భూతల విద్యార్థులు" అని పేరు పెట్టి, వాళ్ళ తల్లిదండ్రులను పిలిపించి సానుభూతి తెలిపారు.

ఒకరోజు ఆ ఊరినుంచి గంగాయమ్మ అనే ముసలావిడ మనవణ్ణి చంకనేసుకుని హైవే దాటి వచ్చింది.

"అమ్మా టీచరమ్మా, ఏ పద్ధతీ లేని బడి ఇదేనంటగా?"

"ఇదేనమ్మా."

"మా నూకరాజుని చేర్చుకో తల్లీ. నీ కాళ్ళు మొక్కుతా."

"రోజూ ఈ హైవే దాటించాలి కదమ్మా?"

"నేనే మోసుకొత్తాను. మోసుకుపోతాను. లారీ అయితే హారనన్నా కొట్టి వత్తది, ఆ నిచ్చెన ఎప్పుడు జారుద్దో ఎవడికెరుక?"

తాయారమ్మ గారు ఇబ్బందిలో పడ్డారు. నిచ్చెన ఎక్కిన పిల్లవాణ్ణి పోలిక బడిలో చేర్చుకోకూడదని నిబంధన. అబద్ధమాడడం ఆవిడకు అలవాటు లేదు. "వీడు నిచ్చెన ఎక్కాడా అమ్మా?"

"ఎక్కించారండి. ఎక్కించీ ఎక్కించకముందే ఏడుపు లంకించుకున్నాడు. ఆళ్ళ మాస్టారి చొక్కా అంతా తడిపేశాడు. దింపేశారు. దాన్ని ఎక్కడం అంటారేటండీ?"

"అనరమ్మా," అన్నారు తాయారమ్మ గారు మనస్ఫూర్తిగా. "అది దిగడం." నూకరాజు రెండో వరసలో కూర్చున్నాడు.

పరీక్షలు వచ్చాయి. ఫలితాలు వచ్చాయి. ఆ వెంటనే దైవాధీనం గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"కొంప ముంచేశారమ్మా. మీ పిల్లలు జిల్లాకే పైన వచ్చేశారు!"

"సంతోషం కదండీ?"

"ఏం సంతోషమండీ బాబూ! పోలిక బడి వెనకబడి ఉండాలి. అది దాని ధర్మం. నిచ్చెన బళ్ళ కంటే మీరు పైనుంటే సమీక్ష తలకిందులైపోదూ? పైనుంచి ఫోన్ వచ్చింది. పిల్లల్ని కొంచెం... వెనక్కి లాగమన్నారు. తప్పదంటారు, లేపోతే పోలికే రద్దు చేసేస్తారంట."

"వెనక్కి ఎలా లాగనండీ?"

"ఏదో... వచ్చినవి కొన్ని మరిపించండి."

తాయారమ్మ గారు నూకరాజును దగ్గరకు పిలిచారు. "ఏడెనిమిదులు ఎంత నాన్నా?"

"యాభై ఆరండి!" అన్నాడు వాడు, గోడలు మోగేలా.

"సార్, వీణ్ణి యాభై అయిదు అనమని మీరు చెప్పండి. నా నోరు రాదు. సరస్వతీదేవి పటం ఉందక్కడ. ఆ తల్లి ఎదుట నేను అనలేను."

దైవాధీనం గారు వాడికేసి చూశారు. నోరు తెరిచారు. పటం వంక చూశారు. ఆయన రోజూ ప్రార్థన చేసుకునే దేవుడు వేరు గాని, ఆయనకూ నోరు రాలేదు. "అదేంట్రా, అంత గట్టిగా చెప్తావు," అని వాడి తల నిమిరి, జేబురుమాలుతో తన తల తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఇక బడి పోయినట్టేనని ఊరంతా అనుకుంది. తల్లులు సాయంత్రాలు హైవే దగ్గర నిలబడి లారీలకేసి చూసి వచ్చారు. తాయారమ్మ గారు ఆంజనేయస్వామికి రోజూ చేసే ప్రదక్షిణలు పెంచారు. స్వామీ, సముద్రం దాటినవాడివి, ఈ పిల్లల్ని మాత్రం ఆ రోడ్డు దాటనివ్వకు అని వేడుకున్నారు.

మండలిలో పెద్ద సమావేశం జరిగింది. చక్రధరం గారు అక్కడ చేసిన ఉపన్యాసాన్ని అన్ని బళ్ళకూ పంపారు. అందులో ఇలా ఉంది.

"నిచ్చెన లేని చింతలగరువునందు నిచ్చెన ఉన్న బడులకన్న మెరుగైన ఫలితములు వచ్చుట ఆరోహణ పద్ధతికి వైఫల్యమని కొందరు అల్పదృష్టితో భావింపవచ్చును. నిజమునకు ఇది మహత్తర విజయము. చుట్టుప్రక్కల నిచ్చెనలున్నవన్న స్పృహచేతనే ఆ శిశువులు ఇంతటివారైరి. కావున నిచ్చెన ప్రభావము దూరమునుండి అధికముగా పనిచేయునని రుజువైనది. దగ్గర ఉండుట దాని శక్తికి ఆటంకము. అందుచేత పద్ధతి యొక్క రెండవ దశగా సర్వ పాఠశాలలనుండి నిచ్చెనలను తొలగింపవలసినదిగా ఆదేశించడమైనది. దీనిని నిరారోహణ ఆరోహణ పద్ధతి అని వ్యవహరింపవలెను."

రాష్ట్రమంతటా పిల్లలు కిందికి దిగారు. టీచర్లు మెడలు నిమురుకుని, నేల మీద కూర్చున్న పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఇది అత్యంత వినూత్నంగా ఉందని వెంటనే అధ్యయనాలు రాసి పంపారు. గంగాయమ్మ మనవణ్ణి చింతలగరువు బడి మాన్పించడానికి మాత్రం ఒప్పుకోలేదు. "మళ్ళీ ఎప్పుడు ఏం ఎక్కించుతారో," అంది.

తాయారమ్మ గారు ఆ ఉపన్యాసం చదివి స్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చేసరికి బడి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. అందులో నిచ్చెన ఉంది.

పక్కన దైవాధీనం గారు తల వంచుకుని నిలబడి ఉన్నారు. "మరేం లేదమ్మా. ఇప్పుడు అన్ని బళ్ళూ నిచ్చెన లేని బళ్ళే అయిపోయాయి కదా. పోలిక బడి వేరేగా ఉండాలి. అంచేత మీకు నిచ్చెన శాంక్షనయ్యింది."

"నాకా!"

"మీ ఒక్కరికే. వద్దంటే పోలిక ఉండదు. పోలిక లేపోతే రావిపాడు."

పిల్లలు అరుగు మీదికి వచ్చి వింతగా చూస్తున్నారు. నూకరాజు దాన్ని గుర్తుపట్టి, ఏడవడానికి గాలి పీల్చుకుంటున్నాడు. తాయారమ్మ గారు వాణ్ణి దగ్గరకు తీసుకుని, దైవాధీనం గారిని ఉత్తర్వు చదవమన్నారు. ఆయన చదివారు. "బడి వేళల యందు నిచ్చెన తరగతి గదిలో, శిశువుల మధ్యనే ఉండవలెను."

"ఇంకా?"

"అంతేనమ్మా."

"నిలబెట్టమని ఉందాండీ?"

ఆయన కాగితం తిప్పి చూశారు. వెలుతురుకు ఎత్తి చూశారు. నిచ్చెన అంటే నిలబెట్టేదేనని అందరికీ తెలుసు గనుక ఆ మాట ఎవరూ రాయలేదు. "లేదమ్మా," అన్నారు. చాలా రోజుల తరువాత ఆయన మొహంలో నవ్వు కనబడింది. "పట్టండి, లోపల పెడదాం."

ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి తెచ్చి గది నేల మీద పొడుగ్గా పడుకోబెట్టారు. పిల్లలు మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న ఖాళీల్లో వరసగా సర్దుకుని కూర్చున్నారు. తోసుకోవడాలు, జరగడాలు పోయాయి. ఎవరి గడి వాళ్ళది. పలక పెట్టుకోవడానికి ముందు మెట్టు బాగా కుదిరింది. పిల్లలకు నచ్చింది. నూకరాజు ఏడుపు మానేసి తన మెట్టు మీద దరువు వేశాడు.

అంతా సర్దుకుందనుకున్న వారంలోనే చక్రధరం గారు తనిఖీకి వచ్చారు. గుమ్మంలో నిలబడి, పడుకున్న నిచ్చెననూ గడుల్లో ఒద్దికగా కూర్చుని రాసుకుంటున్న పిల్లలనూ చూశారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది.

"అద్భుతం! క్షితిజ సమాంతర ఆరోహణ! ఎవరికి తట్టింది ఈ ఆలోచన? ఇది... ఇది పూర్తిగా..."

ఆయన నోట ఏ మాట రాబోతోందో దైవాధీనం గారికి తెలిసింది. గబుక్కున తలుపు పట్టుకున్నారు. ఆ మాట ఒక్కటి కాగితం మీద పడితే పోలిక పోతుంది, బడి పోతుంది, రేపటినుంచి హైవే.

తాయారమ్మ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అబద్ధం చెప్పకుండా ఏం చెప్పవచ్చా అని ఒక్క క్షణం ఆలోచించారు.

"ఆలోచన ఏం లేదండీ. పిల్లలు నేల మీద వరసగా కూర్చుని చదువుకుంటున్నారంతే. ఇది చాలా పాత పద్ధతండీ."

"పాతదా?" చక్రధరం గారి కలం గాలిలో ఆగింది. "ఎంత పాతది?"

"మా అమ్మ అలాగే చదువుకుందండీ. వాళ్ళమ్మ చదువుకోలేదుగాని, వాళ్ళ అన్నదమ్ములు అలాగే చదువుకున్నారట. అంతకుముందు ఋషుల ఆశ్రమాల్లో కూడా కిందే కూర్చునేవారంటారు."

చక్రధరం గారు పిల్లలకేసి ఇంకోసారి చూశారు. ఎటు చూసినా కింద కూర్చున్న పిల్లలే. ఆయన మొహం నెమ్మదిగా వాడిపోయింది. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"మరయితే ఇక్కడ మనకు పనికొచ్చేది ఏమీ లేదు," అన్నారు నిరాశగా, కారు ఎక్కుతూ.

"లేదండీ," అన్నారు తాయారమ్మ గారు. కారు హైవే ఎక్కి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, నిన్నటి పాఠం రానివాళ్ళు చెయ్యెత్తండి అన్నారు.